అది మనల్ని చూసేలోగా

పిట్టలు చూసేవాళ్ల మా వాట్సాప్ గ్రూపులో మొన్న ఎవరో గుడ్లగూబ ఫొటో పెట్టారు. చింతచెట్టు తొర్రలోంచి తల బయటపెట్టి చూస్తున్న చిన్న గూబ. కింద వరసగా చప్పట్ల బొమ్మలు, పూల బొమ్మలు. వాటి చివర కొత్తగా చేరిన ఒకాయన ప్రశ్న: "లొకేషన్ ప్లీజ్?"

డాక్టరమ్మ ఉండుంటే నిమిషంలో జవాబు వచ్చేది. ఆమె టైపు చేసేది కాదు, మాటలే రికార్డు చేసి పంపేది. "ముందు మీ ఇంట్లో పడకటింటికి దోవ సెప్పు నాయనా, ఆమీట నేను దీనింటికి దోవ సెప్తా." ఆ గొంతు వినగానే అడిగినవాళ్లు ప్రశ్న చెరిపేసుకునేవాళ్లు. ఒక్కోసారి పెట్టినవాళ్లు ఫొటో కూడా తీసేసేవాళ్లు.

పోయిన వానాకాలంలో ఆమె తిరుపతి ఆస్పత్రిలో కన్నుమూసింది. మొన్నటి ప్రశ్నకు మధ్యాహ్నానికల్లా ఎవరో మ్యాపులో గుర్తు పెట్టి పంపారు. ఆమె అన్నట్టు ఏదో ఒకటి అనాలనుకున్నాను గాని, నాకు అంత నోరు లేదు. ఆ రోజంతా బడిలో పాఠం చెబుతున్నా ఆమే గుర్తొస్తూ ఉంది.

పొట్టి మనిషి. గంజి పెట్టిన నూలుచీర, కాళ్లకు కాన్వాసు బూట్లు. మెడలో బైనాక్యులర్. దాని పట్టీ ఎప్పుడో తెగిపోతే గాయాలకు కట్టే గుడ్డతో ముడివేసుకుంది. కొత్తది కొనిస్తామని మేం ఎంతమంది అడిగినా వినలేదు. "కుట్లేసినాక మనుషులు నడస్తా లేరా? ఇదీ నడస్తాది," అనేది. ఎవరైనా సెంటు పూసుకుని వస్తే ముక్కు చిట్లించి "పెండ్లికొచ్చినావా?" అని అడిగి, వాళ్లను వెనక నడిపించేది. తిట్టిన మనిషికే తిరిగొచ్చేటప్పుడు తన టిఫిన్ డబ్బాలోంచి నిమ్మకాయ అన్నం పెట్టేది. పుల్లలు మోసుకుపోతున్న పిట్ట కనిపిస్తే "ఈయమ్మకు నెలలు నిండినట్టుండాయి" అనేది. పిల్లల్ని వెంటేసుకుని చేలో తిరిగే నెమలిని చూసి "బాలింతరాలు ఇంత ఎండలో తిరగతా ఉండాదే" అని నిజంగానే బాధపడేది.

చిత్తూరు పాతవీధుల్లో ఒకదాంట్లో ఆమె నర్సింగ్ హోమ్ ఉండేది. చుట్టుపక్కల ఊళ్లలో ఆమె చేతిమీద బిడ్డ పుట్టని ఇల్లు లేదని చెప్పుకునేవాళ్లు. చిన్నవయసులోనే భర్త పోయాడు, పిల్లలు లేరు. ఆ సంగతి ఆమె నోట నేను విన్నది ఒకే ఒకసారి, అదీ నవ్వుతూ. "కాన్పుకు పిలస్తారు మే నన్ను. సీమంతానికి మాత్రం పిలవరు. గూబ మాదిరే నేనూ." 'మే' అనేది మా వైపు ఆడవాళ్లను దగ్గరితనంతో పిలిచే పిలుపు. ఆమె నోట ఆ పిలుపు వింటే సగం భయం, సగం ధైర్యం కలిగేవి.

నాకు కాన్పు చేసింది కూడా ఆమే. నొప్పులు మొదలైన రోజు మా అత్తగారు, ఆమె చెల్లెళ్లు, మా అమ్మ, ఇరుగుపొరుగు అందరూ వరండాలో చేరి, తలుపుకున్న అద్దంలోంచి తొంగి చూస్తున్నారు. పొద్దుటినుంచి బాగా వస్తున్న నొప్పులు ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఆమె నా కడుపు మీద చేయి పెట్టి కాసేపు కదలకుండా నిలబడింది. తర్వాత వెళ్లి తలుపు తీసింది.

"ఏమమ్మా, ఈడ సినిమా ఆడతా ఉండాదా? పోండి. పూతలపట్టు దాకా పోయి టీ తాగేసి రాండి."

"మేమేం చేసినామమ్మా! ఊరికే సూస్తా ఉండాం," అంది మా అత్తగారు.

"ఆ సూసేదే వొద్దనేది. నలుగురు సూస్తా ఉంటే వచ్చే నొప్పులు గూడా ఎనక్కి పోతాయి. ఆవుకైనా అంతే, ఆడదానికైనా అంతే."

అందర్నీ గేటు దాటించి వచ్చింది. పెద్ద లైటు ఆర్పేసింది. ఒక స్టూలు లాక్కుని, నావైపు వీపు పెట్టి కిటికీకేసి తిరిగి కూర్చుంది. ఆ గదిలో నేనున్న సంగతే మరిచిపోయినట్టు ఒక బత్తాయి ఒలుచుకుంది. కాసేపటికి నా నడుములో మళ్లీ మెలి మొదలైంది. నేను మూలిగినప్పుడు కూడా ఆమె తిరగలేదు. "నేనీడే ఉండా, నీ పని నువ్వు సూసుకో," అంది. పొద్దుగుంకేలోపల మా పాప పుట్టింది.

పాప బడికి పోయే వయసు వచ్చాక, నా మొహం ఏం బాలేదని తనే ఒక ఆదివారం నన్ను పిట్టలు చూడటానికి లాక్కెళ్లింది. అట్లా అలవాటైంది. మాతో ఇంకొకతను వచ్చేవాడు, మునిరత్నం. ప్రైవేటు బ్యాంకులో ఉద్యోగం, నగరి దగ్గర సొంతూరు. తన బిడ్డకన్నా జాగ్రత్తగా కెమెరాను ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. డాక్టరమ్మకు అతనంటే ఇష్టం. "నా కండ్లు మసకబారినా నీ కండ్లుండాయిలే అప్పా," అనేది.

పూతలపట్టు అవతల, మామిడితోటల మధ్య ఒక పాత రాతి క్వారీ ఉంది. రాయి కోయడం ఎప్పుడో ఆపేశారు. అడుగున వాననీళ్లు నిలిచి పచ్చబడి ఉంటాయి. చుట్టూ నిలువునా కోసిన బండ. దానికి ఆనుకుని ఉన్న తోట ఆసామి భార్యకు మూడు కాన్పులూ డాక్టరమ్మే చేసింది, అందుకని మమ్మల్ని ఆయన తోటలోకి రానిచ్చేవాడు. మామిడి పూత మీదున్న రోజుల్లో ఒక పొద్దున, ఎదురు బండకు ఉన్న అరుగులాంటి చోట రాయిలో రాయిలా కూర్చున్న కొమ్ముగూబను మొదట చూసింది ఆమే. తలమీద కొమ్ముల్లా నిక్కిన ఈకలు, ఒళ్లంతా ఎండుటాకు రంగు. కళ్లు రెండూ సన్నటి గీతల్లా మూసుకుని, పొట్ట నేలకు ఆనించి కూర్చుంది. ఆ కూర్చోవడం చూసి డాక్టరమ్మ గుసగుసగా అంది: "గుడ్ల మీద ఉండాది మే."

అప్పుడే ఆమె ఒక కట్టుబాటు పెట్టింది. క్వారీ అంచుకు పోకూడదు. తోట కంచె ఇవతలే, చెట్టుకింద కూర్చుని చూడాలి. అది కళ్లు తెరిచి మావైపు తల తిప్పిందంటే వెంటనే లేచి వచ్చేయాలి.

"అది మనల్ని సూసేలోగా మనం సూసిందే సూసినట్టు. అది మనల్ని సూసినాక మనం సూసేది గూబను కాదు, దాని బయాన్ని," అంది.

కొన్ని ఆదివారాలు అలాగే గడిచాయి. కొన్నిసార్లు చాలాసేపు కూర్చున్నాం. కొన్నిసార్లు కూర్చోకముందే అది కళ్లు తెరిచేది, మేం మాట్లాడకుండా వెనక్కి వచ్చేసేవాళ్లం. పొద్దున్నే చిత్తూరు నుంచి వచ్చి రెండు క్షణాలు చూసి తిరిగి పోవాలంటే మునిరత్నానికి ప్రాణం ఉసూరుమనేది. అయినా ఎదురు చెప్పేవాడు కాదు.

అయితే అతను ఒక ఫొటో గ్రూపులో పెట్టాడు. ఊరి పేరు రాయలేదు. కాని ఆ బండ కోత, వెనక మామిడిపూత, దూరంగా కనిపించే గుట్ట చూసి ఆ ప్రాంతం తెలిసినవాళ్లు పోల్చుకున్నారు. ఒకరి నుంచి ఒకరికి పోయింది. రెండు వారాలు డాక్టరమ్మకు ఒంట్లో బాగాలేక మేం పోలేదు. ఆ మధ్యలో తిరుపతి నుంచి, మద్రాసు వైపు నుంచి, బెంగుళూరు నుంచి కార్లు వచ్చాయని తోటాసామి తర్వాత చెప్పాడు. "మంచోళ్లేనమ్మా. పూత మీద సెయ్యి గూడా ఎయ్యలేదు. గూబ యాడుండాది అని మర్యాదగా అడిగినారు, మీ మనుషులే అనుకోని సూపించినా," అన్నాడు. పొద్దువాలే వేళ ఎవరో ఫోన్లో గూబ కూత వినిపిస్తే, అది జవాబిస్తూ గూడు వదిలి వచ్చిందట. ఆ సంగతి ఆయన వింతగా చెప్పాడు. డాక్టరమ్మ మొహం పాలిపోయింది.

మేం మళ్లీ పోయిన ఆదివారం ఎండ అప్పుడే ముదురుతోంది. క్వారీ అంచున ఏడెనిమిది మంది నిలబడి ఉన్నారు. పొడుగాటి లెన్సులు, ముక్కాలి స్టాండ్లు. ఒక కుటుంబం పిల్లల్ని కూడా తీసుకొచ్చింది. అరుగు మీద గూబ లేదు. అక్కడ బండ మీద ఏవో తెల్లగా కనిపిస్తున్నాయి, ఎండలో. గూబ అవతలి గట్టున మొండి తుమ్మచెట్టు మీద కూర్చుని ఉంది. చుట్టూ కాకులు అరుస్తూ ఒకదాని తర్వాత ఒకటి దాని తలమీదికి దూకుతున్నాయి. అది కళ్లు పెద్దవి చేసి ఒకసారి కాకుల్ని, ఒకసారి మనుషుల్ని చూస్తోంది. దానికి ఏ వైపు కాచుకోవాలో తెలియనట్టుంది.

డాక్టరమ్మ కంచె దాటి వాళ్ల దగ్గరకు నడిచింది. ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"ఎనక్కి రాండి నాయనా అందరూ. గుడ్లు ఎండలో ఉండాయి. మీరు పోతే గాని ఆయమ్మ ఇంట్లోకి రాదు."

కళ్లజోడు పెట్టుకున్న ఒక పెద్దమనిషి మర్యాదగా ముందుకొచ్చాడు. మద్రాసు తెలుగు. "అమ్మా, మేము దూరం నుంచి ఊరికే చూస్తున్నాము. దాన్ని ముట్టుకోలేదు, రాయి వెయ్యలేదు. పిల్లలకు ఇలాంటివి చూపిస్తేనే కదా రేపు వాళ్లు కాపాడతారు."

"నిజమే. అయినా పోవాల."

"మీరూ చూడటానికే కదమ్మా వచ్చారు?"

ఆ మాటలో ఎగతాళి లేదు. నిజంగానే అడిగాడు. ఎంతమంది మొగుళ్లను, అత్తల్ని, పెద్దమనుషుల్ని ఒక్కమాటతో గేటు బయటికి పంపిన మనిషి! మొదటిసారి ఆమెకు మాట దొరకకపోవడం చూశాను.

వాళ్లు మంచివాళ్లే. స్టాండ్లు మడుచుకుని, పిల్లల్ని పిలుచుకుని వెళ్లిపోయారు. ఆ పెద్దమనిషి వెళ్తూ ఆమెకు దండం కూడా పెట్టాడు. మేం ముగ్గురం కంచె ఇవతల మామిడిచెట్టు కింద కూర్చుని గూబ తిరిగి వస్తుందేమోనని ఎదురు చూశాం. కాకులు తగ్గాయి. గూబ తుమ్మచెట్టు మీదే ఉంది. ఇప్పుడది మావైపే చూస్తోంది. ఎండ అరుగు మీద ఇంకొంచెం జరిగింది.

డాక్టరమ్మ నా భుజం పట్టుకుని లేచింది.

"లెయ్ మే. మనం గూడా వరండాలో జనమే."

మేం వెనక్కి తిరిగి చూడకుండా కారు దాకా నడిచాం.

మరుసటి ఆదివారం మునిరత్నం ఒక్కడే తోట దాకా పోయి వచ్చాడు. అరుగు ఖాళీగా ఉంది. గుడ్లు లేవు, పెంకుల్లేవు, గూబ లేదు. డాక్టరమ్మ నమ్మలేదు. నన్ను వెంటబెట్టుకుని తోటాసామి ఇంటికే పోయింది. తిన్నె మీద కూర్చుని, రోగిని అడిగినట్టు ఒక్కొక్కటే అడిగింది. ఎవరన్నా రాయి వేశారా? పాము కనబడిందా? ఏ దినం నుంచి కూత వినబడలేదు? కాకులు ఎప్పుడు పోయాయి?

ఆయన తలగోక్కున్నాడు. "ఏం సెప్పేదమ్మా. కాకులెత్తకపోయినాయో, ఎండకు సెడిపోయినాయో, ఊర్లో ఎవురన్నా తరిమినారో. గూబ ఊరి పక్కకే సూస్తా ఉండాది, ఊరికి మంచిది గాదు అని మా వీదిలో ముసిలోళ్లు గొణగతా ఉండిరి. ఇన్నాళ్లూ అది ఆడ ఉండేది గూడా ఎవురికీ తెలీదు. మీరంతా వచ్చి తలపైకెత్తి సూస్తా ఉంటే మేం గూడా ఎత్తి సూసినాం."

ఆయన తప్పుపట్టి అన్నది కాదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆయన భార్య మజ్జిగ తెచ్చిచ్చింది. డాక్టరమ్మ తాగకుండానే గ్లాసు తిన్నె మీద పెట్టి లేచింది. దారిలో ఒకటే అంది: "వైద్యం సేసేటోడే జబ్బు తెచ్చి అంటిస్తే ఎట్ల మే?"

ఆ తర్వాత ఆమె ఆదివారాలు మానేసింది. అడిగితే మోకాలు నొప్పి అనేది. అదే యేడు నర్సింగ్ హోమ్ కూడా మూసేసింది. చేయి వణుకుతోంది, ఇంక కత్తి పట్టకూడదు అని తనే నిర్ణయించుకుంది. ఆ రోజు పాత నర్సులు, ఆయాలు, మాలాంటి వాళ్లం కొంతమంది పోయాం. మునిరత్నం పెద్ద పటం ఒకటి కట్టించి తెచ్చాడు. అందరి ముందూ కాగితం విప్పాడు. కొమ్ముగూబ. నిండుగా, ప్రతి ఈక విడివిడిగా కనబడేట్టు. నారింజరంగు కళ్లు రెండూ దీపాల్లా వెలుగుతూ సూటిగా మనల్నే చూస్తున్నాయి. ఆయాలు "అబ్బా!" అన్నారు.

డాక్టరమ్మ కళ్లజోడు సర్దుకుని దగ్గరగా చూసింది. మునిరత్నం నవ్వుతూ నిలబడి ఉన్నాడు.

"ఇది ఎప్పుడు తీసినావప్పా?"

"మీకు ఒంట్లో బాగలేదే మేడమ్, ఆ వారం. ఒక్కసారే పోయినా. రొంత ముందుకు పోయినా, అంతే. అంచు దాకా పోలేదు."

"గుడ్ల మీద నెమ్మదిగా కూసున్న గూబ పగటిపూట కండ్లు ఇట్ల తెరవదు. నువ్వూ సూసినావు గదా, గీతల మాదిరి ఉంటాయి." ఆమె గొంతు పెంచలేదు. "ఈ మొగం నాకు తెలుసప్పా. ఈ మొగాన్ని కాన్పు టేబుల్ మీద పొద్దస్తమానం సూసినా నేను. ఇది బయం. అందం గాదు."

మునిరత్నం మొహంలో రక్తం లేదు. నేను మాట మార్చబోయాను. అతను చేత్తో నన్ను ఆపాడు.

"అయితే సూడొద్దా మేడమ్? ఎవురూ ఏదీ సూడకుండా ఇండ్లల్లో కూసుంటే అయిపోతుందా? నేను కెమెరా కొనకముందు గూబ అంటే మా ఇంట్లో సీపురుకట్ట తిరగేసేవాళ్లు. ఇప్పుడు మా అమ్మ దాని ఫొటో ఫోన్లో పెట్టుకోనుండాది. అది గూడా తప్పేనా?"

ఆమె పటాన్ని నెమ్మదిగా గోడవైపు తిప్పి బీరువాకు ఆనించింది. "తప్పని నేనన్నానా? నాకు తెలిస్తే గదా అనేదానికి," అంది.

అతను అన్నం తినకుండా వెళ్లిపోయాడు. ఆ తర్వాత చాలా నెలలు వాళ్లిద్దరికీ మాటల్లేవు.

వానలు పడుతున్నప్పుడు తోటాసామి డాక్టరమ్మకు ఫోన్ చేశాడు. క్వారీని మళ్లీ లీజుకు ఇచ్చేట్టున్నారు, ఎవరో వచ్చి కొలతలు వేసుకుని పోయారు, బండ పగలగొట్టే తూటాలు పేలితే తన తోట బోరు ఏమవుతుందోనని ఆయన భయం. మాటల మధ్యలో ఇంకో సంగతి చెప్పాడు. రాత్రిళ్లు మళ్లీ గూబ కూత వినిపిస్తోందట.

డాక్టరమ్మ ఆ పొద్దుటే నన్ను రమ్మంది. నేను పోయేసరికి చీర మార్చుకుని సిద్ధంగా ఉంది. చిత్తూరులో క్వారీ లీజులకు సంబంధించిన ఆఫీసుకు పోయాం. అక్కడి ఆఫీసరు చిన్నవయసువాడు, కూర్చోబెట్టి ఓపికగా విన్నాడు. ఆయన అడిగింది ఒకటే. "అక్కడ గూడు పెడుతుందని చూపించడానికి ఏమైనా ఉందా అమ్మా? చూశామంటే పైవాళ్లు వినరు."

బయటికొచ్చి వేపచెట్టు కింద నిలబడి ఆమె మునిరత్నానికి ఫోన్ చేసింది. అంతకాలం తర్వాత చేస్తున్నా క్షేమసమాచారాలేమీ అడగలేదు.

"ఆ ఫొటో నీతావ ఉండాదా అప్పా? గుడ్లు గూడా అగుపడేట్టు తీసినది ఉంటే అదీ తీసుకోని రా."

అతను బ్యాంకులో సెలవు చెప్పి వచ్చాడు. ఆఫీసరు కంప్యూటర్‌లో ఆ బొమ్మ పెద్దది చేసి చూశాడు. నారింజరంగు కళ్లు తెర నిండా వచ్చాయి. "ఎంత బాగుందమ్మా!" అన్నాడు ఆయన, మనసారా. డాక్టరమ్మ టేబుల్ మీద ఉన్న నీళ్లగ్లాసు వైపు చూస్తూ కూర్చుంది. మునిరత్నం ఆమె వైపు చూశాడు.

లీజు ఆగింది. ఇప్పటికి ఆగింది, అంతే. ఆ కబురు తెలిసిన రోజు నేను మిఠాయి తీసుకుని ఆమె ఇంటికి పోయాను. ఆమె ముట్టుకోలేదు.

"దాని బయాన్ని పటం కట్టి సూపించి, దాని ఇల్లు నిలబెట్టినాం," అంది. "ఆ పిలగాడు ముందుకు పోకుండా ఉంటే ఆ ఫొటో లేదు. ఆ ఫొటో లేకుంటే ఈపాటికి ఆడ తూటాలు పేలతా ఉండేవి. వాడు పోయింది మంచిదనాల్నా, సెడ్డదనాల్నా?"

"మంచే జరిగింది కదమ్మా చివరికి," అన్నాను.

"ఆ యేటి గుడ్లకు జరిగిందా?"

నేను మిఠాయి డబ్బా మూతపెట్టాను.

మరుసటి చలికాలం నేనూ మునిరత్నం ఎంత పిలిచినా ఆమె తోటకు రాలేదు. మమ్మల్ని పోవద్దని కూడా అనలేదు. కాని ఆమె రాకుండా మాకూ పోవడానికి కాళ్లు రాలేదు. గ్రూపులో మాత్రం ఎవరు ఏ గూబ ఫొటో పెట్టినా విరుచుకుపడేది. కొందరు నొచ్చుకుని వెళ్లిపోయారు. పెద్దావిడకు చాదస్తం ముదిరిందని నాకే విడిగా రాశారు ఇద్దరు ముగ్గురు. చాదస్తమేనేమో కూడా. చెరువుగట్టు మీద కొంగను చూడటానికి కూడా తటపటాయించే స్థితికి వచ్చింది. "అది మేస్తా ఉండాది, మనం నిలబడితే ఎగరతాది," అని కారు దిగనిచ్చేది కాదు. పిట్టలంటే ప్రాణంపెట్టే మనిషి, కారు అద్దంలోంచి బయటికి చూడకుండా తల వంచుకుని కూర్చునేది. నాకు కోపం వచ్చేది. ఇంత బాధపడటంలో ఏదో మొండితనం ఉందనిపించేది.

ఆస్పత్రిలో చేరాక నేను తిరుపతికి వారం వారం పోయేదాన్ని. ఆమె బాగా చిక్కిపోయింది. ఒకరోజు కిటికీలోంచి తిరుమల కొండ నల్లగా తడిసి కనిపిస్తోంది. మంచి మాట ఏదైనా చెప్పాలనిపించింది.

"బాగయినాక ఒకసారి క్వారీకి పోదామమ్మా. దూరం నుంచే. మళ్లీ గూడు పెట్టిందేమో చూసి వచ్చేద్దాం."

"వొద్దు."

"మీకు చూడాలని లేదా?"

ఆమె కళ్లు మూసుకుంది.

"దినామూ ఉండాది మే. పొద్దున లేస్తే అదే ద్యాస. దాని కండ్లు గీతల మాదిరి ఉండేది ఇంకొక్క సారి సూడాలని." ఊపిరి పీల్చుకోవడానికి ఆగింది. "నావల్ల పోయినాయా అవి, వాళ్లవల్లనా, ఎండవల్లనా? ఎన్నో కాన్పులు సేసినా. యాడన్నా బిడ్డ దక్కకపోతే ఎందుకో తెలుసుకునేదాన్ని. తెలిసినాక ఏడ్సి, మళ్లీ పనికి పోయేదాన్ని. దీనికి ఎందుకో తెలీలేదు. ఏడ్సను గూడా రాలేదు."

నేను ఆమె చేయి పట్టుకున్నాను. ఆ తర్వాతి వారం నేను బస్సులో ఉండగానే కబురు వచ్చింది.

దహనానికి ఎక్కడెక్కడినుంచో జనం వచ్చారు. మునిరత్నం కెమెరా లేకుండా వచ్చాడు. మామూలుగా భుజాన సంచి వేలాడే వైపు అతని చేయి ఖాళీగా ఊగుతూ కనిపించింది. మేం పక్కపక్కనే నిలబడ్డాం.

మామిడి పూత మళ్లీ వచ్చి, పిందె పడుతున్న రోజుల్లో, నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంటే తోటాసామి నుంచి ఫోన్ వచ్చింది. గొంతులో పండగ ఉంది.

"అమ్మా, గూబ పిల్లల్ని సేసినాది! రెండుండాయి. దూది ఉండల మాదిరి ఉండాయి. మొన్నట్నుంచి సూస్తా ఉండా, ఈపొద్దు ఒగటి రెక్కలు ఇప్పుకోని నిలబడింది. డాక్టరమ్మ ఫోను పలకలేదు. నువ్వు సెప్పుమ్మా ఆయమ్మకు."

ఆయనకు తెలియదని నాకు అప్పుడు తెలిసింది. చెప్పాను. అవతలినుంచి మోటారు నడుస్తున్న చప్పుడు మాత్రం వినబడింది.

"అట్లనా," అన్నాడు చివరికి. "మా ముగ్గురు పిల్లోళ్లూ ఆయమ్మ సేతిలోనే..." ముక్కు ఎగబీల్చి, మళ్లీ అన్నాడు: "పోనీ, నువ్వన్నా రామ్మా. ఎగిరిపోకముందే వొచ్చి సూడు. కంచె తావనుంచే బాగా అగుపడతాయి."

నాకు ఆ క్షణాన అన్నీ వదిలేసి బస్సెక్కాలనిపించింది. ఆమె కోసమైనా ఒక్కసారి ఆ దూది ఉండల్ని కళ్లారా చూడాలనిపించింది. నేను పోతే మునిరత్నం వస్తాడు. అతను వస్తే ఇంకెవరికైనా తెలుస్తుంది. ఇద్దరం తెలియనివ్వకపోయినా, కంచె దగ్గర మా ఇద్దరి మొహాలు అటే తిరిగి ఉంటాయి. ఆమె ఉంటే ఏమనేదో నాకు తెలుసు. ఆమె అన్నది సరైనదో కాదో మాత్రం ఈ రోజుకీ తెలియదు.

"చూస్తాలే అన్నా," అన్నాను. "పేపర్లున్నాయి. వీలు చూసుకుని... రాలేనేమో."

నా గొంతులో ఏం వినబడిందో ఏమో, ఆయన నన్ను ఓదార్చినట్టు అన్నాడు:

"రాకుంటే ఏంలేమ్మా. అవేమన్నా మనకోసరం ఎదురు సూస్తా ఉండాయా?"